వెనక్కి తిరిగిన బాణం

గర్ర్ర్...!

మళ్ళీ అదే చప్పుడు.

వ్యాన్ కిటికీ అద్దం సగం దించి ఉంది. వాన మొహం మీద కొడుతోంది. చొక్కా భుజం దాకా తడిసిపోయింది. అయినా చిన్నమేస్త్రి అద్దం ఎత్తడం లేదు. చెవి బయటికి పెట్టి వింటున్నాడు.

ముందు పోతున్న పసుపు కారు స్పీడ్‌బ్రేకర్ ఎక్కింది... దిగింది...

గర్ర్ర్!

వెనక కుడి చక్రం!

టైరు వెళ్ళి పైన రేకు అంచుకి రాసుకుంటోంది. రబ్బరు మాడిన వాసన వానలో కూడా తెలుస్తోంది. రోడ్డు మీద ఇంకెవరైనా వింటే ఏదో బండి మూలుగుతోంది అనుకుంటారు. చిన్నమేస్త్రి అలా అనుకోలేడు. ఆ చక్రం బిగించింది అతనే.

కంపెనీ ఇచ్చిన చక్రాలు ఊడదీసి, వాటికంటే రెండంగుళాలు వెడల్పైనవి వేశాడు. వేశాక ఊరుకోలేదు. కారు వెనక భాగంలో బరువులు పెట్టి, పైనుంచి తొక్కి, కుదిపి చూశాడు. అది ఆ షాపు పద్ధతి. నలభై కిలోలు... రాసుకోలేదు. యాభై... రాసుకోలేదు. అరవై దాటగానే గర్ర్ర్ మంది.

"వెనక ఎవర్నీ ఎక్కించుకోకండి సార్" అని అప్పుడే చెప్పాడు కూడా.

అంటే ఇప్పుడు ఆ కారు వెనక భాగంలో అరవై కిలోలు దాటిన బరువు ఉంది.

ఏదో ఉంది అనుకుంటే పొరపాటు... ఎవరో ఉన్నారు!

చిన్నమేస్త్రి టైమ్ చూశాడు. ఏడున్నర.

సరిగ్గా పావుగంట కిందట షాపులో ఫోన్ మోగింది. లాయరు.

"మా అబ్బాయి ఇంటికి రాలేదు."

"నాకేం తెలుసు సార్?"

"మధ్యాహ్నం కోర్టు గేటు దగ్గర మీ బావతో మాట్లాడుతుండగా చూశారట. ఆ తర్వాత ఇద్దరి ఫోన్లూ ఆఫ్! మీ బావ ఎక్కడ?"

"తెలీదు సార్. నేను షాపుకొచ్చేశాను."

"తెలుసుకో. మావాడికి గోరంత గాయమైనా సరే... నా బీరువాలో ఫోటోలున్నాయి. గుర్తుందిగా? రేపు పొద్దున్నకల్లా ఇన్‌స్పెక్టర్ టేబుల్ మీదుంటాయి."

ఫోన్ పెట్టేశాడు.

ఆ ఫోటోల మాట వినగానే చిన్నమేస్త్రి షాపు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. అప్పుడే... కళ్ళముందే... పసుపు కారు వెళ్ళిపోయింది!

ఒక హెడ్‌లైటు పగిలింది. బానెట్ సొట్ట. అద్దాలకి నల్ల ఫిల్మ్. ఏడు నెలలు పోలీసు యార్డులో టార్పాలిన్ కింద పడున్న కారు. ఇవాళే కోర్టు వదిలిపెట్టమంది.

నడిపేది ఎవరో కనపడలేదు. కనపడక్కర్లేదు. గేరు మార్చే తీరు చాలు. క్లచ్ మీద అంత మెత్తగా కాలు పెట్టేది ఈ లోకంలో ఒక్కడే.

బావ!

* * *

సిగ్నల్.

పచ్చలైటు పోయింది. పసుపు కారు జారిపోయింది. ఎర్రలైటు పడింది.

చిన్నమేస్త్రి ఆగలేదు.

పక్కనుంచి బస్సు! హారన్ మోత! బ్రేకు... స్టీరింగ్... వ్యాన్ వెనక భాగం విసురుగా ఊగింది. బస్సు డ్రైవరు తల బయటపెట్టి ఏవో అన్నాడు. చిన్నమేస్త్రి అమ్మానాన్నలూ తాతముత్తాతలూ అందరూ వచ్చారు అందులో.

తప్పించుకున్నాడు.

పసుపు కారు రెండు వందల అడుగుల ముందు ఉంది. ఫ్లైఓవర్ దిగి ఎడమకి తిరుగుతోంది. గోడౌన్ల రోడ్డు. ఈ టైములో పురుగు కూడా ఉండదు అక్కడ. అటు చివర రైల్వే లైను. దాని కింద అండర్‌పాస్. అది దాటితే వాగు.

వాగు దగ్గరికే తీసుకెళ్తున్నాడు. ఇంక అనుమానం లేదు.

కోర్టు మెట్ల మీద బావ అన్న మాట చెవిలో గింగురుమంటోంది. చిన్నమేస్త్రి భుజం మీద చెయ్యి వేసి, ఎటో చూస్తూ అన్నాడు.

"ఈ గొడవ ఇవాళ్టితో అయిపోవాలి బామ్మర్దీ. ఇంక మొయ్యలేను."

అరవలేదు. పళ్ళు కొరకలేదు. అంత నెమ్మదిగా అన్నాడు కనుకే భయం.

బావ మంచివాడు. అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడు కోపం వచ్చినప్పుడల్లా కొంచెం కొంచెం ఖర్చు పెట్టేస్తాడు. మంచివాడు దాచుకుంటాడు.

ఏడు నెలల కోపం!

చిన్నమేస్త్రి యాక్సిలరేటర్ తొక్కాడు. పాత వ్యాన్. సన్నటి టైర్లు. సరుకు మోసే బతుకు. ఎనభై దాటితే డోర్లు ఏడుస్తాయి. కానీ ఈ వానలో సన్నటి టైరే మొనగాడు. నీళ్ళని కోసుకుంటూ పోతుంది. వెడల్పు టైరు అలా కాదు. పొడి రోడ్డు మీద పులి. మలుపుల్లో పట్టు విడవదు. నీళ్ళు నిలిచిన చోట మాత్రం పైన తేలుతుంది. చదునైన పలక తేలినట్టు. అప్పుడు స్టీరింగ్ ఎటు తిప్పినా ఒకటే.

ఈ సంగతి కొనేవాళ్ళకి చెప్తే నవ్వుతారు. వాళ్ళకి కావలసింది చూపు. చక్రం రేకు అంచు దాటి రెండు వేళ్ళు పొడుచుకు రావాలి. ఫోటోలో బాగుండాలి.

లాయరు కొడుకూ నవ్వాడు.

ముందు కారు కుడికి కోసింది!

వెంటనే ఎడమకి!

మళ్ళీ కుడికి!

లారీలు తిరిగి తిరిగి ఆ రోడ్డుకి రెండు పొడుగాటి గాళ్ళు పడ్డాయి. వెడల్పు టైరు ఆ గాళ్ళల్లో పడితే కారుని అదే లాక్కుపోతుంది. మొదట చిన్నమేస్త్రి అదే అనుకున్నాడు. కానీ కాదు. ఇది కావాలని తిప్పుతున్న తిప్పుడు. ఒక లెక్క ఉంది. ఎడమ... కుడి... ఎడమ.

చూశాడు! వెనక వ్యాన్‌ని చూశాడు బావ! తప్పించుకోవాలని చూస్తున్నాడు!

పసుపు కారు ఒక్కసారిగా ముందుకి దూకింది. ఇంజను అరుపు గోడౌన్ గోడలకి తగిలి తిరిగొచ్చింది. మళ్ళీ నెమ్మదించింది. మళ్ళీ దూకింది.

"బావా... వద్దు బావా..." చిన్నమేస్త్రి స్టీరింగ్‌తో మొరపెట్టుకుంటున్నాడు. "వాణ్ని చంపి నువ్వు జైలుకెళ్తే పిచ్చుక ఏమైపోవాలి?"

పిచ్చుక.

మేనకోడలు. పదేళ్ళది. పిడికెడు మనిషి, పుట్టెడు మాటలు. అక్క పోయినప్పటి నుంచీ పొద్దున్నే బడికి దింపేది మామయ్యే. ఈ వ్యాన్‌లోనే. ముందు సీట్లో కూర్చుని దారి పొడుగునా ప్రశ్నలు. "మామయ్యా, టైరు నల్లగానే ఎందుకుండాలి? గులాబీ రంగు టైరుంటే ఎవరైనా కాదంటారా?"

ఒకరోజు మాత్రం వేరే ప్రశ్న అడిగింది.

"మామయ్యా, అమ్మని గుద్దిన కారు చక్రాలు నువ్వే వేశావా?"

"ఊఁ."

"బాగానే వేశావా?"

"బాగానే వేశానమ్మా."

అప్పుడు ఆ పిల్ల అతని చెయ్యి పట్టుకుని, "అయితే నీ తప్పేం లేదులే, ఏడవకు" అంది.

ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా చిన్నమేస్త్రికి అన్నం ముద్ద దిగదు. తేలు కుట్టిన దొంగ ఏడుపది. నోరు తెరవడానికి లేదు.

* * *

ఆ రకం టైరు పక్కన ఒక బాణం గుర్తు ఉంటుంది.

చిన్న బాణం. బొటనవేలంత. బండి ముందుకి పోతుంటే బాణం కూడా ముందుకే తిరగాలి. అప్పుడే టైరు మీది గాట్లు నీళ్ళని రెండు పక్కలకీ చిమ్మేస్తాయి. తిరగేసి ఎక్కిస్తే అవే గాట్లు నీళ్ళని టైరు మధ్యలోకి పోగుచేస్తాయి. ఎండలో తేడా తెలియదు. వానొస్తే తెలుస్తుంది.

ఏడు నెలల కిందట ఒక సాయంత్రం. నాలుగు చక్రాలూ బిగించాడు. కారుని లిఫ్ట్ మీద నుంచి కిందికి దించాడు. చెయ్యి తుడుచుకుంటూ చుట్టూ ఒకసారి తిరిగాడు.

వెనక కుడి చక్రం... బాణం వెనక్కి!

మళ్ళీ ఎత్తాలి. చక్రం ఊడదియ్యాలి. రిమ్ములోంచి టైరు పీకాలి. తిప్పి ఎక్కించాలి. బ్యాలెన్సింగ్ చెయ్యాలి. గంట పని.

బావ ఆ రోజు షాపులో లేడు. పిచ్చుకకి జ్వరమని ఇంటికి వెళ్ళాడు.

లాయరు కొడుకు అప్పటికే సీట్లో కూర్చున్నాడు. హారన్ కొడుతున్నాడు. "అయిందా లేదా మేస్త్రీ? అవతల ఫ్రెండ్స్ వెయిటింగ్!"

చిన్నమేస్త్రి బాణం వంక చూశాడు. గడియారం వంక చూశాడు. ఎలాగూ వచ్చే వారం అలైన్‌మెంట్‌కి వస్తాడు కదా... అప్పుడు మారుద్దాం.

"అయింది సార్."

ఆలస్యం అమృతం విషం అన్నారు పెద్దలు. తొమ్మిదో రోజున విషమైంది. వాన పడింది. లాయరు కొడుకు తొంభైలో వచ్చాడు. కారు వెనక భాగం తేలింది. తిరిగింది. ఫుట్‌పాత్ ఎక్కింది. బస్‌స్టాపులో ఒక మనిషి గొడుగు వేసుకుని నిలబడి ఉంది.

ఊళ్ళో ఇంతమంది ఉండగా... అక్క!

చిన్నప్పుడు అమ్మ పోతే వేలు పట్టుకుని నడిపించింది అక్క. పని నేర్పించమని బావ షాపులో పెట్టింది అక్క. "వీడికి చేతి పని బాగా అబ్బింది" అని పదిమందికీ చెప్పుకుంది అక్క.

దినం కూడా కాకముందే లాయరు వచ్చాడు. షాపు వెనక గదిలో తలుపు వేసి, ఫోటోలు బల్ల మీద పరిచాడు. ఒక్కో ఫోటోలోనూ అదే బాణం.

"మా ఎక్స్‌పర్ట్ తీశాడు. ఇవి బయటపెడితే మావాడు బయటపడతాడు, నువ్వు లోపలికెళ్తావు. కానీ మావాడి స్పీడు సంగతీ బయటికొస్తుంది. ఇద్దరికీ నష్టం. ఎందుకొచ్చిన గొడవ? నువ్వు వాన అను. నేనూ వాన అంటాను."

అడకత్తెరలో పోకచెక్క అయిపోయాడు చిన్నమేస్త్రి. ఇటు జైలు. అటు అక్క రక్తం. మధ్యలో పిచ్చుక మొహం.

ఇవాళ పొద్దున్న బోనెక్కాడు. ప్రమాణం చేశాడు.

"చక్రాలు సరిగ్గానే బిగించాను సార్. కారులో ఏ లోపమూ లేదు. ఆ వానలో ఏ కారైనా జారుతుంది."

పాపం వాన! అది బోనెక్కి కాదని చెప్పుకోలేదుగా.

అక్కని చంపినవాడు జరిమానా కట్టి నవ్వుకుంటూ బయటికి వచ్చాడు. తమ్ముడి సాక్ష్యంతో! ఆ సాక్ష్యం వింటూ బావ బెంచీ మీద కూర్చున్నాడు.

ఇప్పుడు ఆ లాయరు కొడుకు కారు వెనక కట్టిపడేసి ఉన్నాడు. ప్రాణం మీదకొచ్చిన మనిషి ఏమంటాడు? "నాది కాదు తప్పు, నీ బామ్మర్దిది!" అంటాడు. బాణం సంగతి చెప్పేస్తాడు. బావ టార్చి వేసి చూస్తాడు. ముప్పై ఏళ్ళు టైర్లతో బతికిన కన్ను. ఒక్క చూపు చాలు.

చిన్నమేస్త్రి యాక్సిలరేటర్ మీద కాలు సడలింది.

ఆపాలని వెంటపడ్డాడు. నిజమే.

ఆగితే?

* * *

రోడ్డు నేరుగా పోతోంది. అటూ ఇటూ గోడౌన్లు. మూసిన షట్టర్లు. లైటు స్తంభాల్లో సగం వెలగడం లేదు.

పసుపు కారు డెబ్భైలో పోతోంది. వెనకాల వ్యాన్. మధ్య వంద అడుగులు.

ఎదురుగా రైల్వే లైను. దాని కింద నల్లగా నోరు తెరుచుకుని... అండర్‌పాస్.

ఒక్కసారిగా చిన్నమేస్త్రికి గుర్తొచ్చింది.

నీళ్ళు!

సాయంత్రం ఆరింటికి ఇటే వచ్చాడు, ఒక గ్యారేజీకి టైర్లు దింపడానికి. అండర్‌పాస్‌లో అప్పటికే మోకాలి లోతు నిలిచాయి. వ్యాన్ వెనక్కి తిప్పి చుట్టూ తిరిగి షాపుకి చేరాడు. అప్పటి నుంచీ వాన ఆగలేదు.

బావకి తెలియదు. మధ్యాహ్నం నుంచీ షాపుకే రాలేదు. ఒంటికన్ను కారు. చీకటి. దిగుడు మొదలయ్యేదాకా నీళ్ళు కనపడవు. కనపడ్డాక బ్రేకు వేసి లాభం లేదు.

వెడల్పు టైర్లు. ఒకటి తిరగేసినది. డెబ్భై స్పీడు.

చిన్నమేస్త్రి చూపుడువేలు దానంతటదే స్టీరింగ్ పక్కన ఉన్న పుల్ల మీదికి వెళ్ళింది. హై బీమ్.

షాపులో అది అలవాటు. కొత్త చక్రాలు వేశాక ఇద్దరూ టెస్ట్‌కి వెళ్తారు. ఒకరు కారు నడుపుతారు. ఇంకొకరు వెనక వ్యాన్‌లో చక్రాలు చూస్తూ వస్తారు. చక్రంలో గానీ దారిలో గానీ ఏదైనా తేడాగా ఉంటే రెండుసార్లు లైట్లు కొట్టాలి. ముందువాడు కారణం అడగడు. ఆపేస్తాడు. పన్నెండేళ్ళుగా ఒక్కసారీ తప్పలేదు.

రెండుసార్లు కొడితే చాలు.

బావ ఆపేస్తాడు. కాలికి పట్టిన అలవాటు పోదు.

వేలు బిగుసుకుంది.

కొట్టు!

కొడితే ఆగుతాడు. ఆగితే వెనక డోరు తెరుచుకుంటుంది. లోపలున్నవాడు నోరు తెరుస్తాడు. రేపు పిచ్చుక వింటుంది.

కొట్టకపోతే...

బావకి బెల్టు ఉంటుంది. ఎయిర్‌బ్యాగ్... అది లేదు, ఏడు నెలల కిందటే పేలిపోయింది. అయినా బెల్టు ఉంటుంది. బావ గట్టి మనిషి. బావకి ఏమీ కాదు. వెనక కట్టిపడేసినవాడికి బెల్టు ఉండదు. వాడికే... అక్కని చంపినవాడే కదా! దేవుడే శిక్ష వేసినట్టు!

మనిషి మనసు మహా గొప్ప లాయరు. ఏ కేసైనా మూడు సెకన్లలో గెలిపించేస్తుంది.

వంద అడుగులు.

యాభై.

పసుపు కారు బ్రేక్‌లైట్లు వెలగలేదు.

చిన్నమేస్త్రి వేలు కదల్లేదు.

పసుపు కారు దిగుడులోకి దిగిపోయింది.

ఫట్!!

గోడ ఎత్తున నీళ్ళు లేచాయి. ఎర్రలైట్లు రెండూ ఒక్క క్షణం నేరుగా ఉన్నాయి. తర్వాత కుడిది పక్కకి వచ్చింది. కారు తేలింది. వెనక భాగం బొంగరంలా గిర్రున తిరిగింది...

ధడాల్!

కాంక్రీటు గోడ.

ఎర్రలైట్లు ఆరిపోయాయి.

చిన్నమేస్త్రి వ్యాన్ ఆపాడు. దిగుడు మొదట్లో. ఇంజను వణుకుతోంది. వైపర్లు అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి. ఇంక ఏ చప్పుడూ లేదు.

అయిపోయింది...

ఫోన్ మోగింది!

అదిరిపడ్డాడు. లాయరు.

"ఏమయ్యా! మావాడు వచ్చేశాడు."

"...ఏంటి సార్?"

"ఇంటికొచ్చాడయ్యా! ఫ్రెండ్ రూములో పడుకున్నాడట. ఉత్తపుణ్యానికి కంగారుపడ్డాం. వెధవ... కారు తీసుకెళ్ళి మీ బావకి ఇచ్చేశాడట. కాళ్ళ మీద పడి మరీ! నాతో ఒక్క మాట చెప్తేగా... హలో? హలో?"

చిన్నమేస్త్రి చేతిలోంచి ఫోన్ సీటు కిందికి జారిపోయింది.

ఇంట్లో ఉన్నాడు.

లాయరు కొడుకు ఇంట్లో ఉన్నాడు.

మరి కారు వెనక?

కింద ఏమీ కనపడటం లేదు. చీకటి. చేత్తో పుల్ల ముందుకి తోశాడు. హై బీమ్ పడింది. రెండు తెల్లటి కట్టెల్లాంటి వెలుగులు దిగుడులోకి, నీళ్ళ మీదికి పడ్డాయి. డోరు తోసుకుని దూకాడు. పరిగెత్తాడు.

నీళ్ళు మోకాళ్ళ దాకా... తొడల దాకా...

కారు వెనక డోరు ఊడి పైకి లేచి ఉంది. ముందు దాంట్లోకే చూశాడు. మనిషి లేడు. తాడు లేదు. రక్తం లేదు.

చక్రాలు!

నాలుగు చక్రాలు. సన్నటివి. కంపెనీవి. ఏడు నెలల కిందట తనే ఊడదీసి, పట్టా చుట్టి లాయరు కొడుకు ఇంటికి పంపినవి. ఒక్కోటి ఇరవై కిలోల పైమాటే. ఒకటి నీళ్ళల్లోకి జారి తేలుతోంది.

"బామ్మర్దీ...!"

ముందు నుంచి మూలుగు.

"నువ్వేనా? వచ్చావా? నాకు తెలుసురా... పాపని చూడు! నా కాలు ఇరుక్కుంది. ముందు పాపని చూడు!"

పాప!

ఆ మాటకి అర్థం వెంటనే తెలియలేదు. చెవిలో పడింది. లోపలికి దిగడానికి కొంచెంసేపు పట్టింది.

"ఏ పాప బావా?"

"ఏ పాపేంట్రా! పిచ్చుక!"

కారు ఎడమ పక్క గోడకి అతుక్కుపోయింది. ఆ పక్కే పిచ్చుక సీటు. డోరు లోపలికి వంగిపోయింది. చిన్నమేస్త్రి వెనకనుంచి చక్రాల మీదుగా పాకాడు. మోకాలు చీరుకుపోయింది. సీట్ల సందులోంచి చెయ్యి పెట్టాడు.

బెల్టు పెట్టుకునే ఉంది. తల పక్కకి వాలిపోయి ఉంది. బడి బట్టలు ఇంకా మార్చుకోలేదు.

"పిచ్చుకా... అమ్మా... మామయ్యనే..."

పలకలేదు. ఎప్పుడూ ఆగని నోరు!

మెడ మీద వేళ్ళు పెట్టాడు. ఏదో కొట్టుకుంటోంది. నాడి కొట్టుకుంటోందో, తన వేళ్ళే వణుకుతున్నాయో తెలియడం లేదు.

పైనుంచి ఎవరో అరిచారు. లారీ ఆగినట్టుంది. "అంబులెన్సుకి ఫోన్ చేశాం! కదిలించకండి! పిల్లని కదిలించకండి!"

కదిలించలేదు. చెయ్యి మెడ మీదే ఉంచాడు. నీళ్ళు సీటు అంచుకి తగులుతున్నాయి.

"ఉందా? ఊపిరుందా?" బావ గొంతు పగిలిపోతోంది.

"ఉంది బావా. ఉంది."

"ఉంటుంది. మీ అక్క చూసుకుంటుంది దాన్ని." బావ కళ్ళు మూసుకున్నాడు. నుదుటి మీద నుంచి రక్తం కారుతోంది. మాట్లాడటం ఆపితే ఏమవుతుందో అన్న భయంతో మాట్లాడుతున్నాడు. "ఆ కుర్రాడు వదల్లేదురా. కారు అమ్మేసి పాప చదువుకి వాడమని ఏడ్చాడు. ఈ గొడవ ఇవాళ్టితో అయిపోవాలని సరే అన్నా. లాయరు ఇంట్లో లేనప్పుడే వాళ్ళింటికెళ్ళి పాత చక్రాలు కూడా తీసుకున్నా. రేపు షాపులో ఈ వెడల్పువి పీకేసి అవి వేసేసి అమ్మేద్దామని... ట్యూషన్ అయ్యాక బడి దగ్గర పాపని ఎక్కించుకున్నా. కోర్టులో ఆపేసిన ఫోను ఆన్ చెయ్యడమే మరిచిపోయా."

"బావా, మాట్లాడకు..."

"అసలు దీంట్లో ఎక్కాలంటేనే నాకు ఒళ్ళు జలదరించింది. కానీ నువ్వు చెప్పావుగా. అందరి ముందూ ప్రమాణం చేసి చెప్పావు. చక్రాలు బాగానే ఉన్నాయి, వానదే తప్పు అని. నువ్వు బిగించినవి కదా అని ధైర్యం. లేకపోతే దాన్ని ఎక్కించుకుంటానా?"

చిన్నమేస్త్రి పిచ్చుక మెడ మీద వేళ్ళు ఇంకాస్త ఆనించాడు.

"వెనక రాసుకుంటోంది. ఎక్కడో విందామని మన టెస్ట్ రోడ్డుకి తెచ్చా. అటూ ఇటూ తిప్పి చూశా. అద్దంలో నీ వ్యాన్ కనపడింది. పిచ్చుకే ముందు చూసింది. మామయ్య వస్తున్నాడు నాన్నా అని చప్పట్లు కొట్టింది. ఇంకేం భయం అనుకున్నా..."

బావ కళ్ళు తెరిచాడు. తల కొంచెం ఇటు తిప్పాడు. ఆ చూపులో కోపం లేదు. అర్థంకానితనం ఉంది.

"ముందు గొయ్యున్నా నీళ్ళున్నా బామ్మర్ది లైట్లు కొడతాడు కదా అని... దిగుడులోకి దిగేదాకా అద్దంలోకి చూస్తూనే ఉన్నాన్రా. కొట్టలేదేం?"

నీళ్ళు కదులుతున్నాయి. వేళ్ళ కింద ఆ పల్చటి కొట్టుకోవడం ఒకసారి తెలుస్తోంది. ఒకసారి తెలియడం లేదు.

చెప్పెయ్యాలి. ఇప్పుడే. బాణం దగ్గర నుంచీ. అంతా.

చిన్నమేస్త్రి నోరు తెరిచాడు.

"లైట్లు... స్విచ్ పోయింది బావా. ఎంత కొట్టినా వెలగలేదు."

బావ తల ఊపాడు. నమ్మాడు. పన్నెండేళ్ళుగా నమ్మినట్టే నమ్మాడు.

తర్వాత కళ్ళు చికిలించాడు. మొహం మీద వెలుతురు పడుతోంది. చిన్నమేస్త్రి మొహం మీద కూడా. పిచ్చుక వాలిపోయిన తల మీద కూడా. బావ మెల్లగా పగిలిన అద్దంలోంచి పైకి చూశాడు.

దిగుడు మొదట్లో వ్యాన్ హై బీమ్ ఫుల్లుగా వెలుగుతోంది.

బావ ఆ లైట్లని చూశాడు.

"మరి అవేంట్రా?"